చారల కళ్ల ఈగ

శుక్రవారం, రాత్రి

ఈరోజు జల్లాఖ్ బీచ్‌లో చర్చివాళ్ల పిక్నిక్. అచ్చం తేనెటీగలా ఉండే ఆ ఈగ మళ్లీ కనిపించింది. పోయినవారం నేను పెట్టిన ఫొటో చూసి, ఈగల సైట్‌లో పేర్లు సరిచూసే ఆయన, "వీపు చూసి చెప్పలేం, కళ్లు కనిపించాలి" అని రాశాడు. కళ్లల్లో చుక్కలుంటే ఒక జాతి, చారలుంటే ఇంకొకటి.

ఈసారి అది బావ చేతిమీద, పుచ్చకాయ రసం కారినచోట వాలింది. బావ రెండో చెయ్యి లేపాడు.

"కొట్టకు బావా! కదలకు!"

"ఈగ కోసం నన్ను బొమ్మలెక్క కూసోమంటవా మరదలా?" అంటూనే ఊపిరి బిగబట్టాడు.

అక్క పగలబడి నవ్వింది. "పెండ్లి ఫొటోకు గూడ గింత కుదురుగ కూసోలే!"

ఫొటోలో చారలు వచ్చాయి. సైట్‌లో పెట్టేశాను. ఆయన ఒప్పుకుంటే నేను సొంతంగా గుర్తించిన మొదటి ఈగ ఇదే. జవాబింకా రాలేదు. ఆ చారలు నాకొక్కదానికే కనిపిస్తున్నాయేమోనని ఫొటో పెద్దది చేసి మళ్లీ మళ్లీ చూస్తున్నాను. అయినా ఎందుకో హాయిగానే ఉంది.

ఇప్పుడే బావ తలుపు సందులో తల పెట్టి అడిగాడు. "ఏమన్నరు? మన ఈగ పాసయిందా?"