పట్టీ నానమ్మ చేతికే

బుజ్జమ్మా,

నాలుగింటికి డాక్టరుగారు నానమ్మకి వీడియో కాల్ చేస్తారు. ఫోను చార్జింగులో పెట్టాను, తియ్యకు. కాలేజీ నుంచి తిన్నగా ఇంటికి రా. వచ్చి బీపీ మిషన్ పట్టీ నానమ్మ చేతికి కట్టు, నీ చేతికి కాదు.

వారం రోజులుగా "నీకూ చూస్తా, రావే" అని నానమ్మ నీకు కట్టింది కదా, ఆ అంకెలే ఫోన్లోంచి డాక్టరుగారికి వెళ్ళాయట. బాగా తగ్గిందనుకుని ఆయన ఇవాళ మాత్ర సగం చేస్తానన్నారు. పొద్దున నాకెందుకో అనుమానం వచ్చి నానమ్మకే కట్టి చూస్తే నూట డెబ్బై! అడిగితే "ఎక్కువ చూపిస్తే ఆసుపత్రిలో పడేస్తారమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాత్ర నా ఎదుటే వేయించాను. చెబుదామంటే డాక్టరుగారు ఫోనెత్తలేదు.

కాబట్టి కాల్ రాగానే నువ్వే ముందు నిజం చెప్పు. నానమ్మ సిగ్గుతో నోరు విప్పదు. మధ్యలో మాట తడబడినా, చెయ్యి లాగుతోందన్నా కాల్ కోసం చూడకు. పక్కింటి ఆంటీని పిలుచుకుని ఆసుపత్రికి వెళ్ళిపో. షాపులో కుట్టు మిషన్ల మోతకి నాకు ఫోను వినపడదు, మెసేజ్ పెట్టు, చూస్తూనే ఉంటాను.

నానమ్మని తిట్టకు. ఆసుపత్రి మంచమంటే ఎవరికి భయముండదు?

అమ్మ

ఇంకోమాట. నెల నుంచి నాకూ మెడ వెనక నొప్పి. ఆ పట్టీ నా చేతికి కట్టుకోవడానికి ధైర్యం చాలడంలేదు. సాయంత్రం నాకూ కట్టు. ఎంతొస్తే అంతే పంపు, వద్దని బతిమాలినా వినకు.