చెప్పుల స్టాండు మీది ఆకుపచ్చ పొట్లం

షాంగ్‌యూ, చెప్పుల స్టాండు మీదున్న పాత కంప్యూటర్ ఆపకు. మీ అమ్మ నూడుల్స్ కొట్టు వెబ్‌సైట్ దానిమీదే నడుస్తోంది. అన్నం మూతపెట్టి ఉంచాను, తిన్నాకే పడుకో. నేను ఉదయం ఆరింటి రైలుకి షిన్‌చూ ఆఫీసుకి వెళ్తున్నాను.

కంప్యూటర్ మీది ఆకుపచ్చ చిరుతిండి పొట్లం నువ్వే తిన్నావు. పైగా దాని బదులు పసుపుది పెట్టావు. రాత్రంతా సర్వర్ల మధ్య డ్యూటీ చేసేవాడివి, మెషిన్ బుద్ధిగా ఉండాలంటే పచ్చలైటులాంటి ఆకుపచ్చదే, అదీ గడువు దాటనిదే పెట్టాలని ఇక్కడ అందరూ నమ్మేదే, నీకు నేను చెప్పాలా? నిన్న రోజంతా సైట్ తెరుచుకోలేదు. మీ అమ్మకి ఫోన్ చేస్తే, "పోతే పోనీ కోడలుపిల్లా, అది చూసి వచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. ఆకలేసినవాడికి నా కొట్టు దారి చెప్పాలా?" అని నవ్వింది.

ఆవిడకేం తెలుసు. పేజీ అడుగున "ఇప్పుడు చూస్తున్నవారు" అని ఒక అంకె పెట్టాను కదా. మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా విప్పి సైట్ తెరుస్తాను. ఒకటి అని ఉంటుంది, అది నేను. కాసేపటికి రెండవుతుంది. నువ్వు లేచావని అప్పుడు తెలుస్తుంది. ఈ నెలలో మనం ఎదురెదురుగా కూర్చుని తిన్నది ఒక్క ఆదివారమే. నిన్న ఆ రెండు అన్న అంకె కనబడక డబ్బా సగంలోనే మూసేశాను.

కొత్త ఆకుపచ్చది పెట్టాను, గడువు మార్చి దాకా ఉంది. ముట్టుకోకు.

తినడానికి ఇంకోటి నీ దిండు పక్కన ఉంది. ఇవాళ పేజీ తెరిచి వెంటనే మూసేయకు. నా భోజనం అయ్యేదాకా ఉండు.