జీలకర్ర డబ్బా పక్కన

కోడుమూరు,
కార్తీక సోమవారం.

పూజ్యులైన శ్రీవారికి కన్యక నమస్కరించి రాసేది. ఇక్కడ మా అక్క సుచరిత, బావ, పిల్లలు బాగున్నారు. కర్నూలులో మన అంగట్లో బురద ఎత్తీ ఎత్తీ నడుము పట్టేసిందని రాశారు, వేడినీళ్ళ కాపడం పెట్టుకోండి. మన వాసు కూడా బాగున్నాడని రాయడానికే చేయి రావడం లేదు.

ఫోన్లో ఎందుకు చెప్పవని అడిగారు. ఎట్లా చెప్పేదండీ? వాడు పక్కనే కూర్చుని, విన్నది విన్నట్టు మా అక్క అత్తగారికి అప్పజెప్తాడు. ఆ గుణం మాత్రం పోలేదు! అన్నం తింటున్నాడా అన్నారు. తింటున్నాడు. తిని, చేయి కడుక్కుని వచ్చి, "మా, నేను అన్నం తింటినా?" అంటాడు. పదహారేళ్ళవాడు.

బెంగుళూరు డాక్టరు వాడికున్నది ఆస్పర్జర్స్ అని, నలుగురిలా మెలగలేని పుట్టు గుణమని చెప్పినప్పుడు, "పేరేదైతే ఏమే, నా కొడుకుండగా నాకు గుమాస్తా ఎందుకు" అన్నారు మీరు. నిజమే. ఏ సరుకు ఎక్కడుందో, ఏ పల్లెవాళ్ళు ఏం కొంటారో వాడి నోట్లోనే ఉండేది. తుంగభద్ర పొంగి మన వీధిలోకి వచ్చి, మిద్దె మీద తడుస్తూ కూర్చున్నామే, ఆనాటి నుంచి అదంతా ఏమైపోయిందో తెలియదు.

మొన్న సంత రోజు చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఊరంతా వెతికాం. చివరికి గొర్రెలు కాసే పెద్ద ఈరన్న చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. "హంద్రి ఏటి ఇసకలో తిరుగుతాండాడమ్మా. ఏమప్పా, యాడికి పోతాండావు అంటే, అంగట్లోకి నీళ్ళొస్తాండాయి, బియ్యం మూటలు ఎత్తల్ల అంటాడు. ఆడ అంగడి యాడుండాది?" అన్నాడు. ఈరన్న ముందే ఏడ్చేశాను. సిగ్గు కూడా లేకపోయింది.

ఆదోని డాక్టరుకు చూపించాం. స్కానింగులో ఏ దోషమూ లేదన్నారు. భయపడ్డాడు, ఇట్లాంటి పిల్లలు చుట్టూ ఉన్నదంతా మారిపోతే తట్టుకోలేరు, అలవాటైన చోటికి తీసుకెళ్ళి చూడండి అన్నారు. జ్ఞాపకం తిరిగి వస్తుందా అని అడిగితే, చెప్పలేనమ్మా అన్నారు.

అలవాటైన చోటంటే మన అంగడే కదా. మీరేమో చెక్క అరలు పీకించి ఇనుప ర్యాకులు, గాజు బల్ల పెట్టిస్తానని రాశారు. మీకేమన్నా పిచ్చా! కోపం తెచ్చుకోకండి, నోరు జారింది. అన్నీ పాతట్లే పెట్టండని రాద్దామనుకున్నాను. ఎట్లా పెడతారు? ఏ డబ్బా పక్కన ఏముండేదో మీకు తెలుసా? నాకూ తెలియదు. మనిద్దరం వాడినే అడిగేవాళ్ళం. నిన్న బుజ్జగించి, "నాయనా, జీలకర్ర డబ్బా పక్కన ఏముండేది?" అన్నాను. గోడకేసి చూసి, "నీళ్ళు" అన్నాడు.

మీకు చెప్పనిది ఒకటుంది. ఈరన్న తెచ్చి అప్పగించినప్పటి నుంచి వాడిని గదిలో పెట్టి బయట గొళ్ళెం వేస్తున్నాను. కన్నబిడ్డను, ఈ చేతులతోనే. తలుపు బాదుతాడు, గోల చేస్తాడు అనుకున్నాను. సందులో నుంచి మెల్లగా, "నీళ్ళు రాకుండానా మా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే నువ్వు గూడా లోపలికి రా మా. బయటుంటే మునిగిపోతావు" అన్నాడు.

ఇంక నా వల్ల కాదండీ. గురువారం పొద్దున బస్సుకు వాడిని తీసుకుని వస్తున్నాను. తడిసినా, ఉబ్బినా ఆ చెక్క అరలే నిలబెట్టండి. డబ్బాలు తోచినట్టు సర్దండి. తప్పుగానే సర్దండి. ఇదివరకు ఒక్క డబ్బా చోటు మారితే బజారంతా వినపడేట్టు మీ మీద అరిచేవాడు కదా, గిరాకీల ముందు పరువు పోయిందని మీరు నొచ్చుకునేవారు కదా, అట్లా ఒక్కసారి అరిస్తే చాలు. అరవకుండా గమ్మున నిలబడి చూస్తే మాత్రం ఏం చేయాలో మీరే ఆలోచించి పెట్టుకోండి. నాకు తెలియదు.

ఇట్లు,
దారి తోచక మీ దగ్గరికే వస్తున్న
మీ ఇల్లాలు కన్యక.