కుడి భుజం మీది కొంగు

నా బంగారు నాన్నకి,

మిషను ఆపి, కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు. మధ్యలో లేచి ఎవరి కొలతలూ తీసుకోకు.

మా మ్యూజియంలో చీరకట్టు చరిత్ర మీద ప్రదర్శన మొదలవుతోంది. పాత చిత్రాలు చూస్తుంటే మతి పోతోంది. కొంగు మెడ వెనక ముడేసుకున్నవాళ్లు, నడుముకి బిగించి పనిలోకి దిగినవాళ్లు, అసలు రవికే లేనివాళ్లు. ఇప్పట్లా అందరూ ఒకేలా కట్టడం మొదలై ఎన్నో తరాలు కాలేదట. ప్రారంభం రోజున వేదిక మీద చీర కట్టి చూపించే పని నా నెత్తిన పడింది. నువ్వు ముందు వరుసలో ఉంటావు కాబట్టే ఈ ఉత్తరం.

ఆ రోజు కొంగు ఎడమ భుజం మీద వేసుకుంటాను నాన్నా.

బడి వార్షికోత్సవానికి నువ్వు నాకు చీర కట్టడం నేర్పావు, గుర్తుందా? అమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్లు. ఫొటోలో మెడ దాకే కనిపిస్తుంది, చూసి నేర్చుకునే వీల్లేదు. నువ్వు ప్యాంటు మీదే చీర చుట్టుకుని నాకెదురుగా నిలబడ్డావు. ఆ మీసాలతో నిన్నలా చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. నువ్వు చేసినట్టే చేశాను. అద్దంలో చూసినట్టు నీ ఎడమ నాకు కుడి అయింది. బడిలో "ఇదేం కట్టే, తిరగేసి కట్టావు!" అని ఒకటే నవ్వులు. ఏడుపొచ్చింది. నీకు చెబుదామని వస్తే, నువ్వు గుమ్మంలో నిలబడి నన్ను చూసి మురిసిపోతున్నావు. ఇక చెప్పకుండానే లోపలికెళ్లిపోయాను.

అప్పట్నుంచీ చీర కట్టిన ప్రతిసారీ వీధి మలుపులో స్నేహితురాలి ఇంట్లో దూరి, కొంగు ఎడమకి మార్చుకునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కుడికి. వేదిక మీద ఆ వేషాలు కుదరవు. చిన్నబుచ్చుకోకు. ఎదురెదురుగా నిలబడితే ఎవరికైనా అంతేగా.

నీ దారపుండ

*

దారపుండకి,

నలభై ఏళ్లుగా చొక్కాలు కుడుతున్నాను. నాకు కుడీ ఎడమా తెలియదనుకున్నావటే, పిచ్చితల్లీ?

మీ అమ్మది ఎడమచేతి వాటం. కుచ్చిళ్లు ఎడమచేత్తో పెట్టుకునేది, కొంగు కుడి భుజం మీదికి లాగేది. వాళ్లూ వీళ్లూ ముక్కున వేలేసుకుంటే "నా చీర, నా భుజం, మీకేంటి నొప్పి?" అనేది. నేను ఎడమ భుజం మీద వేసుకుని నీకెదురుగా నిలబడింది కావాలనే. నన్ను చూసి నువ్వు కుడికి వేసుకుంటావని. ఆ రోజు గుమ్మంలో నేను చూసింది నిన్నొక్కదాన్నే కాదు.

అమ్మ కట్టు అని చెబితే, ఇష్టం లేకపోయినా మోస్తావని చెప్పలేదు. మలుపులో మార్చుకుంటావనీ తెలుసు. పిన్ను తీసిన చోట గుడ్డ నలిగితే దర్జీ కంటికి కనిపించదూ? ఇంటికొచ్చే ముందు నాకోసం మళ్లీ తిప్పుకునేదానివి చూడు, దానికే నా కడుపు నిండిపోయేది. వేదిక మీద నీకు తోచినట్టు కట్టుకో. ఇస్త్రీ మాత్రం నేనే చేసి తెస్తాను. నీ ఇస్త్రీ సంగతి నాకు తెలుసు.

నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం చదివి, చీరలు కట్టిన బొమ్మల మధ్య కూర్చుని ఏడ్చాను. మా కాపలాదారు కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

ముందు వరుసలో ఎడమ చివరి కుర్చీ నీకు పెట్టించాను. నా కుడి భుజం అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది.

మీ ఇద్దరి దారపుండ