లలిత తెచ్చిన కాఫీ

నోవై, మిషిగన్

అక్కయ్యకి,

తమ్ముడు సూర్యం నమస్కారాలు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? ఇక్కడ నేనూ, మా అమ్మాయి లలితా క్షేమం. అలా రాయడం ఆనవాయితీ గనక రాశాను. ఎంత క్షేమమో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

చలి ఇంకా వదల్లేదు. మొన్న మంచు తవ్వుతూ జారిపడ్డాను. కంగారుపడతావని ఫోన్‌లో చెప్పలేదు. ఎముకలు విరగలేదుగానీ కుడిభుజం పైకి లేవనంటోంది. అన్నం ఎడంచేత్తో తింటున్నాను, అదేమంత విషయం కాదు. లలితని రోజూ మంచం మీంచి లేపేది ఆ భుజమే, అదీ విషయం.

లలితకి ముప్ఫై ఆరు. పుట్టినప్పటినుంచీ కాళ్ళూ చేతులూ పూర్తిగా స్వాధీనంలో లేవని నీకు తెలుసు. ఇలాంటివాళ్ళకి సాయానికని ఇక్కడి ప్రభుత్వం వారానికి ఇన్ని గంటలని మంజూరు చేస్తుంది. ఆ గంటలకి ఎవరిని పెట్టుకోవాలో, ఏ పనికి వాడుకోవాలో లలితే ప్లాన్ రాసుకోవచ్చు. యజమాని తనే, పొద్దున్నే లేపే పనివాణ్ణి నేనే. ఏటా ఒక కోఆర్డినేటర్ వచ్చి, తను ఏది చేసుకోగలదో, ఏది చేసుకోలేదో చూసి వెళుతుంది. ఈసారి డెనీస్ అని కొత్తావిడ వస్తానంది.

ఇక్కడ కాస్త పక్కకి వెళతాను, తిట్టకు. నీ పెళ్ళిచూపులు గుర్తున్నాయా? పక్కింటి కామేశ్వరమ్మగారు చేసిన మైసూరుపాకు పళ్ళెంలో పెట్టి, "మా అమ్మాయే చేసిందండీ" అంది అమ్మ. ఆ తర్వాత ప్రతి పండక్కీ మీ మామగారు మైసూరుపాకు అడగడం, నువ్వు సాకులు వెతుక్కోవడం! ఇంటికి మనిషి వస్తే గొప్ప ముందుగదిలో ఉండాలి, లోపం వెనకగదిలో ఉండాలి. నేను బడికి వెళ్ళింది ఐదో క్లాసు దాకానే అయినా ఆ పాఠం మాత్రం మర్చిపోలేదు.

డెనీస్ వస్తోందని నాలుగు రోజులు లలిత చేత ట్రే పట్టించి అలవాటు చేశాను. రెండు కప్పులు పగిలాయి. ఆ రోజు తనకి పట్టు చుడీదార్ తొడిగి, కాఫీ సగం సగమే పోసి, వంటింటి గుమ్మం దాకా నేనే మోసి అక్కడ చేతికిచ్చాను. నాలుగడుగులు. చుక్క ఒలకలేదు. "అన్నీ తనే చేసుకుంటుందండీ" అన్నాను. డెనీస్ మురిసిపోయింది. రాసుకుంది కూడా.

మూడు వారాలకి కాగితం వచ్చింది. గంటలు సగానికి సగం కోసేశారు. అంత బాగా చేసుకునే మనిషికి అన్ని గంటలెందుకని.

మిగిలినవాటితో కొత్త ప్లాన్ వేద్దామని ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. మంచం దిగడం, స్నానం, బట్టలు అని రాసేసరికే గంటలన్నీ అయిపోయాయి.

"స్విమ్మింగ్?" అంది.

నీళ్ళలోకి దిగితే చాలు అక్కయ్యా, కాళ్ళు తన మాట వింటాయి. వారానికి ఆ రెండు గంటలే.

"వచ్చే ఏడు చూద్దాంలే, తల్లీ."

"నువ్వు అబద్ధం చెప్పావ్ నాన్నా. నేను కూడా చెప్పా, ట్రేతో. పోయింది నా స్విమ్మింగ్."



అప్పీలు పెట్టాం. గురువారం డెనీస్ మళ్ళీ వచ్చింది. అసలు కష్టం అప్పుడు తెలిసింది. లలిత చేసుకోలేనివన్నీ వరసపెట్టి నేనే చెప్పాలి, లలిత ఎదురుగా. చిన్నప్పటినుంచీ "నీకు వచ్చు, నీకు వచ్చు" అని పెంచిన నోటితోనే.

"పోయినసారి కాఫీ తనే తెచ్చింది కదా, ఇప్పుడేం మారింది?" అంది డెనీస్.

నేను భుజం సంగతి ఎత్తుకుని, అక్కణ్ణుంచి మంచు మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసిన రోజుల దాకా పోయాను. నా సంగతి నీకు తెలుసుగా.

"నాన్నా, నువ్వు ఆగు" అని లలిత లేచింది.

గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కప్పుల చప్పుడు. లేవబోయాను.

"కూర్చో!" అంది లోపల్నుంచే.

ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. కప్పులు నిండా ఉన్నాయి. మొదటి అడుగుకే ఒకటి ఒరిగింది. మూడో అడుగుకి ట్రే వంగిపోయి, కాఫీ అంతా తివాచీ మీదా, తన పాదాల మీదా పడింది.

"కాలిందా తల్లీ!"

"చల్లదే నాన్నా, పొద్దుటిది. నాకు స్టవ్ రాదు కదా."

డెనీస్ వైపు తిరిగి ఇంగ్లీషులో అంది: "ఆ రోజుది మా నాన్న కాఫీ. ఇది నాది."

ఇక తనే చెప్పింది. బొత్తాలు పెట్టుకోలేనని, స్నానాల గదిలో ఒంటరిగా నిలబడలేనని, ఒక్కొక్కటీ, తల దించకుండా. చివర్న స్విమ్మింగ్ రెండు గంటలు రాయమంది. ఆదివారం పొద్దున తనని లేపడానికి వేరే మనిషి రావాలంది. "నాన్నకి సెలవు" అని నన్ను చూడకుండా చెప్పింది. డెనీస్ అంతా రాసుకుని, తను మాటివ్వలేనని, కాగితం రావడానికి రెండు వారాలు పడుతుందని చెప్పి వెళ్ళింది.

అప్పటిదాకా ఎడంచేత్తో లేపుతున్నాను. ఇద్దరం కలిసి ఊగుతాం. ఏ పొద్దున ఇద్దరం కలిసి పడతామో తెలియదు. రోజూ పోస్టు డబ్బా దాకా వెళ్ళొస్తున్నాను. తివాచీ మరక అలాగే ఉంది. కాగితం వచ్చేదాకా తుడవొద్దంది లలిత.

నువ్వు మోకాళ్ళకి రాసుకునే తైలం ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే ఒక సీసా పంపు. బావగారికి నా నమస్కారాలు చెప్పు. మీ ఇద్దరి దీవెనలు ముందు లలితకి, మిగిలితే నాకు.

మరొక్క మాట. ఆ మైసూరుపాకు ఎవరు చేశారో బావగారికి ఎప్పుడైనా చెప్పావా? లేకపోతే ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒలక్కుండా మొయ్యడం కంటే ఒలికిందని ఒప్పుకోవడమే తేలికని మా అమ్మాయి చూపించింది.

నీ తమ్ముడు,
సూర్యం