ఒక్కరు ఎత్తే చాప

ప్రియమైన సూదమ్మకి,

పడవ బాగానే ఉంది. బాగుచేసేవాడే అలిసిపోయాడు.

పడవల యార్డులో పొద్దున్నుంచీ అడుగుభాగం గీకుతున్నాను. పాత రంగు పొరలు పొరలుగా ఊడుతోంది గానీ, కింద ఫైబర్‌గ్లాస్ మాత్రం రాయిలా ఉంది. దీన్ని పోసినవాళ్ళకి అప్పట్లో ఆ సరుకు కొత్త. ఎంత మందం చాలుతుందో తెలియక, చెక్క పడవంత మందం పోసేశారు. వయసులో మనిద్దరికంటే పెద్దది, మనిద్దరికంటే గట్టిది. పక్క పడవ ముసలాయన చూసి, "దీనికేం కాదయ్యా, నీకే అవుతుంది" అని నవ్విపోయాడు.

పోయింది తెరచాపే. మడత విప్పబోతే గుడ్డ చేతిలోనే చిరిగింది. కొత్తది నువ్వే కుట్టాలి. పాతదానికంటే మూడో వంతు చిన్నగా కత్తిరించు. తేలిక గుడ్డ వెయ్యి. గాలి ముదిరితే చాపని కుదించే తాళ్ళన్నీ చుక్కాని దగ్గర కూర్చున్న చోటికే అందేలా కన్నాలు పెట్టు. ఎందుకని అడక్కు, పడవ మీద ఉన్నవాణ్ణి, నాకు తెలుసు.

గాలులు తిరగ్గానే బయల్దేరదామన్న మాట మీదే ఉన్నాను.

నీ పడవాయన

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం తెరచాపలు కుట్టే హాల్లో నేల మీద కూర్చుని చదివాను. రోజంతా గుడ్డ మీద మోకాళ్ళతో పాకే పని కదా, సాయంత్రానికి లేవబుద్ధి కాదు.

చాప ఎవరికి, ఎక్కడికి అని మా హాల్లో ఎవరినీ అడగం. కొలతలే చెప్పేస్తాయి. మొగుడూ పెళ్ళాం వెళ్తుంటే ఒకరు చాప ఎత్తుతారు, ఒకరు చుక్కాని పడతారు, కాబట్టి పెద్దదే కుట్టించుకుంటారు. చిన్న చాప, తేలిక గుడ్డ, తాళ్ళన్నీ ఒకే చోటికి అంటే, అది ఒంటరిగా పోయే మనిషిది. మీరు పంపిన కొలతల్లో నాకు చోటు లేదండీ.

ఎన్నేళ్ళుగానో మీరు యార్డులో, నేను అద్దెగదిలో. "ఇంకొన్నాళ్ళే" అని మీరన్నప్పుడల్లా గంగిరెద్దులా తలూపాను. నేను లేకపోవడమే మీకు అలవాటైపోయినట్టుంది. అదేదో మొహం మీదే చెప్పాల్సింది, చాప చేత చెప్పించడం ఎందుకు?

మా మేస్త్రమ్మ చూసి, "కొలత తప్పినట్టున్నావే?" అంది. "తప్పలేదు" అన్నాను. పాత కొలతకే, మందపాటి గుడ్డతో కుట్టాను. రేపు లారీలో వేస్తున్నాను. ఒక్కరే ఎత్తండి, చూస్తాను.

మీ ఇంటిది

*

ప్రియమైన సూదమ్మకి,

చాప వచ్చింది. అంత కోపంలో కుట్టావు, ఒక్క కుట్టూ వంకర పోలేదు. స్తంభానికి తగిలించి ఎత్తబోయాను. మనిషెత్తు కూడా లేవలేదు. గుడ్డంతా నా మీదే పడితే, ముసలాయన వచ్చి బయటికి లాగాడు.

తిట్టుకో, కానీ పూర్తిగా చదువు. నా కుడి భుజం పోయింది. గీకీ గీకీ అరిగిందన్నాడు డాక్టరు. చెయ్యి తల దాకా లేవడం లేదు, చొక్కా తొడుక్కోవడమే పెద్ద పనైపోయింది. పడవ పని సాగనిదీ అందుకే. చెప్తే అంతా అమ్మేసి వచ్చెయ్యమంటావని నోరు మూసుకున్నాను.

ఆ చిన్న చాప ఎత్తాల్సింది నేను కాదే, నువ్వు. చుక్కానీ తాళ్ళూ నీ చేతికే అందాలని అలా రాశాను. నేను పక్కన కూర్చుంటాను, అంతే. అది ఒక్కరి చాపే, నువ్వు సరిగ్గానే చదివావు. ఆ ఒక్కరు ఎవరన్న దగ్గరే పొరబడ్డావు.

ఇప్పుడు అమ్మెయ్యమంటే అమ్మేస్తాను. నిజంగానే అలిసిపోయాను.

నీ పడవాయన

*

ప్రియమైన దాపరికాల పడవాయనకి,

శనివారం బస్సెక్కుతున్నాను. కత్తెర, సూదులు, మైనం పట్టించిన దారం తెస్తున్నాను. పెద్ద చాపని అక్కడే కోసి చిన్నది చేస్తాను. తిరిగి ఎప్పుడొస్తావని మేస్త్రమ్మ అడిగితే, తెలియదని చెప్పాను.

అమ్మే మాట మళ్ళీ ఎత్తకండి. ఇన్నేళ్ళూ చాపలు కుట్టాను గానీ ఒక్కటీ ఎత్తి ఎరగను. మీరు చెప్పండి, నేను లాగుతాను. కూర్చుని పని పురమాయించడం మీకేం కొత్త కాదుగా. నేనొచ్చేదాకా ఆ చేత్తో ఏమీ గీకకండి.

ఇంకొక్క మాట, ఎదురుగా ఉంటే నోట రాదు, అందుకే రాస్తున్నాను. మీ భుజం పోయిందన్న ముక్క చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. హాల్లో అందరూ చూస్తుండగా నవ్వాను కూడా. నన్ను వదిలి పోవడం లేదన్నదొక్కటే కనబడింది. మీకు నొప్పిగా ఉంటుందన్న సంగతి, రెండోసారి చదివితే గానీ నాకు తట్టలేదు.

మీ ఇంటిది