ఆకు అడుగున బూజు

నంద్యాల, గురువారం

గులాబీ ఆకుల మీద ఊదా మచ్చలు చలికేలే అనుకున్యా. పొద్దున ఆకు తిప్పితే అడుగున బూడిదరంగు నూగు. నర్సరీ ఆయనకు చూపించినా.

"బూజు తెగులమ్మా. పట్టిన చెట్లు పీకి కాల్చెయ్. మిగతావాటికి మందు కొట్టు, ఆకులు తడపొద్దు" అన్యాడు.

ఐదు చెట్లు పీకినాక గుర్తొచ్చింది. పోయిన నెల వీటి అంటు మొక్కలే ఆళ్లగడ్డలో అక్కకిచ్చినా. ఆమె ఇల్లు గడిచేది గులాబీ తోటతోనే. వెంటనే ఫోన్ చేసినా.

"బాగా నాటుకున్యాయి పాపా. తోట మధ్యలోనే పెట్టినా" అని సంబరంగా చెప్పింది.

విషయం చెప్పేసినా.

"ఉండు, తోటలోనే ఉండా. ఆకు తిప్పి చూస్తాండా" అనింది. ఆకులు కదిలిన చప్పుడు వినబడింది.

"నువ్విచ్చినవే కాదు పాపా, పక్క సాలులో కూడా..." అని ఆగిపోయింది.